డబ్బు తీసుకుని సలహా చెప్పని కౌన్సెలర్

“అక్కా, రెండు గురువారాలు వెళ్లాను. ఒక్కోసారికి 160 డాలర్లు. యాభై నిమిషాలూ నేనే మాట్లాడాను. ఆవిడ తల ఊపింది, మధ్య మధ్యలో నేనన్న మాటనే నాకు తిరిగి అప్పజెప్పింది. ఒక్క సలహా ఇవ్వలేదు. మా ఊళ్లో రామాలయం అరుగు మీద కూర్చుంటే పైసా ఖర్చు లేకుండా నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. ఇది మోసమా, లేక నాకే అర్థం కావడం లేదా?”

డాలస్ వచ్చి ఏడాది దాటిన ఒక తమ్ముడి ఉత్తరం ఇది. నిద్ర పట్టడం లేదని, తెల్లవారుజామున గుండె దడతో మెలకువ వస్తోందని, ఆఫీసులో మేనేజరు గొంతు కాస్త పెరిగితే చేతులు చల్లబడిపోతున్నాయని కూడా రాశాడు. ఆ మేనేజరు చెడ్డవాడేమీ కాదట. ఇంటర్మీడియట్ హాస్టల్ సంగతి ఒకటి ఒక్క వాక్యంలో ఎత్తి వదిలేశాడు. నేనూ దాన్ని అక్కడే వదిలేస్తున్నాను.

తమ్ముడూ, మోసం కాదు. ఆవిడ చేయవలసిన పనే చేస్తున్నారు. ఆ పని ఏమిటో మీకు ఎవరూ ముందుగా చెప్పలేదు, అంతే.

నేను డాక్టరును కాను, కౌన్సెలర్‌నూ కాను. టెక్సస్‌లో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నదాన్ని, అందులో ఏడాదిన్నర పాటు వారం వారం అలాంటి కుర్చీలో కూర్చున్నదాన్ని. నాన్న పోయినప్పుడు నాకు టికెట్ దొరికేసరికి అక్కడ దహనం అయిపోయింది. పెద్దకర్మకు మాత్రం అందుకున్నాను. తిరిగి వచ్చాక రాత్రిపూట ఫోను మోగితే చాలు, ఒళ్లంతా చెమటలు. మా డాక్టరు ఈసీజీ తీయించారు, థైరాయిడ్ చూశారు, అన్నీ బాగున్నాయన్నారు. చివరికి తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి చేతికిచ్చారు. మనిషిలో దిగులు (డిప్రెషన్) ఎంత ఉందో చూసే కాగితం అది, పీహెచ్‌క్యూ-9 అంటారు, మీకూ ఇచ్చే ఉంటారు. ప్రశ్నకు సున్నా నుంచి మూడు వరకు, మొత్తం 27కు లెక్క. ఇక్కడ తక్కువ రావడమే మంచిదని గ్రహించి నేను దాదాపు అన్నిటికీ సున్నా పెట్టాను. పరీక్షలు రాసి రాసి పెరిగిన జాతి కదా మనది. ఆవిడ కాగితం వైపు, నా కళ్ల కింద నలుపు వైపు మార్చి మార్చి చూసి, ఇంకోసారి నింపమన్నారు.

కౌన్సెలర్ దగ్గర మూడో వారానికే నా ఓపిక చచ్చింది. “మీరు చదువుకున్నవారు, ఏం చేయాలో చెప్పండి, చేసేస్తాను” అన్నాను. “ఇప్పటిదాకా మీకు ఎవరెవరు ఏమేం చెప్పారు?” అని ఆవిడ అడిగారు. వేళ్ల మీద లెక్కపెట్టాను. అమ్మ నవగ్రహాలకు ప్రదక్షిణలు చేయమంది. ఆడపడుచు ప్రాణాయామం అంది. పక్కింటావిడ రాత్రి ఫోను ఆపేయమంది. ఒకరు ఉద్యోగం మానమంటే ఇంకొకరు ఇంకో ఉద్యోగం చూసుకోమన్నారు. మొత్తం పదకొండు మంది తేలారు. “వారిలో మీ నాన్నగారి గురించి అడిగినవారు ఎవరు?” అన్నారావిడ. ఒక్కరూ లేరు. ఆ రోజు మిగిలిన సమయమంతా ఏడుపుతోనే సరిపోయింది.

సలహా చెప్పకుండా వినే ఈ పద్ధతికి ఆద్యుడు కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త. 1902లో పుట్టారు, 1987లో పోయారు. రోచెస్టర్‌లో పన్నెండేళ్లు పిల్లలతో పనిచేసి, తరువాత షికాగో విశ్వవిద్యాలయంలో కౌన్సెలింగ్ కేంద్రాన్ని నడిపారు. ఎదురుగా కూర్చున్న మనిషిని ‘రోగి’ అనకుండా ‘క్లయింటు’ అనడం ఆయన వల్లనే వాడుకకు వచ్చింది. లాయరు ఎంత చదువుకున్నా దావా క్లయింటుదే, రాజీ పడాలో వద్దో తేల్చుకోవలసింది క్లయింటే. ఇక్కడా అంతే. 1957లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో, మనిషిలో మార్పు రావాలంటే ఎలాంటి పరిస్థితులు కావాలో ఆయన చెప్పారు. కౌన్సెలర్ వైపు నుంచి కావలసినవి మూడు: ముసుగు లేకుండా ఉండడం, ఎదుటి మనిషి కళ్లతో చూసి అర్థం చేసుకోవడం, షరతులు లేని ఆదరణ.

మూడోది మనకు కొరుకుడు పడదు. ర్యాంకు వస్తే బంగారు కొండ, రాకపోతే “నిన్ను కని ఏం లాభం”. అలా పెరిగినవారికి, ఏం చెప్పినా మొహం మార్చుకోని మనిషి ఎదురైతే ముందు అనుమానం వస్తుంది. ఈవిడ వింటోందా, నటిస్తోందా? నాకు ఆ అనుమానం తీరడానికి రెండు నెలలు పట్టింది. మీరన్న మాటనే తిప్పి చెప్పడం కూడా వేళాకోళం కాదు. తాను సరిగ్గా విన్నానా అని సరిచూసుకుంటున్నారు. తప్పుగా విని ఉంటే “కాదండీ, నేనన్నది అది కాదు” అనండి. మనం పెద్దవాళ్లను కాదనము కాబట్టి అన్నిటికీ తల ఊపి ఇంటికి వస్తాం, తరువాత వాళ్లకేం తెలియదని తిట్టుకుంటాం.

అలాగని ఊరికే వినడమే మందు అని నేననను. ఈ రోజుల్లో చాలామంది కౌన్సెలర్లు రోజర్స్ పద్ధతిని పునాదిగా పెట్టుకుని, పైన ఆలోచనల తీరును మార్చే అభ్యాసాలూ నిద్రకు సంబంధించినవీ కలుపుతారు. అయిదారు వారాలైనా దారీ తెన్నూ కనిపించకపోతే, “మనం ఎటు పోతున్నాం? మెరుగవుతున్నానని ఎలా తెలుస్తుంది?” అని అడగండి. మొహమాటం వద్దు, జవాబు చెప్పడం వాళ్ల పనిలో భాగమే.

ఇక మీ కౌన్సెలర్ పరిచయ పత్రంలో ‘ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్’ అని ఉందని, అదేమిటని అడిగారు. ట్రామా అంటే మనసుకు తగిలిన గాయం. మన ఇళ్లలో పిల్లవాడు మొండికేస్తే వినిపించే మొదటి మాట “నీకేం రోగం?” ఆ ప్రశ్నను “నీకేం జరిగింది?” అని మార్చి అడగడం దాని సారం. వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన సైనికుల బాధను చూశాక 1980లో అమెరికన్ మానసిక వైద్యులు పీటీఎస్‌డీని (ఘోరమైన అనుభవం తరువాత మనసును వదలని బాధ) తమ రోగాల జాబితాలో చేర్చారు. 1992లో జుడిత్ హెర్మన్ అనే వైద్యురాలు, యుద్ధంలో తగిలిన గాయమూ ఇంటి నాలుగు గోడల మధ్య తగిలిన గాయమూ ఒకే రకంగా పనిచేస్తాయని రాశారు. కోలుకోవడంలో మూడు దశలు చెప్పారు: మొదట భద్రత, ఆ తరువాతే జ్ఞాపకాలను తలుచుకుని దుఃఖించడం, చివరగా మళ్లీ మనుషుల్లో కలవడం. 1998లో శాన్ డియేగోలో 17,000 మందికి పైగా పెద్దవాళ్లను చిన్ననాటి దెబ్బల గురించి అడిగిన అధ్యయనం తొలి ఫలితాలు వెలువడ్డాయి. బీమా ఉన్న మధ్యతరగతి వాళ్లలోనూ అలాంటి అనుభవాలు మామూలేనని, అవి పెరిగిన కొద్దీ పెద్దయ్యాక గుండె జబ్బులూ దిగులూ పెరుగుతున్నాయని అందులో కనిపించింది.

ఆ దశల వరుస ఎంత ముఖ్యమో నేను నష్టపోయి తెలుసుకున్నాను. నేను మొట్టమొదట వెళ్లిన కౌన్సెలర్ (ఊరూ పేరూ వద్దు) తొలి రోజే నాన్న చివరి ఫోన్ కాల్ మాట మాట చొప్పున చెప్పించారు. బుద్ధిమంతురాలిలా చెప్పేశాను. ఇంటికి వచ్చాక మూడు రాత్రులు కన్ను మూతపడలేదు. నాకు పడలేదని వాళ్లకు చెప్పే ధైర్యం కూడా లేక, ఫోన్లు ఎత్తడం మానేశాను. రెండో ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, “ఆ కుర్చీలో బాగానే ఉందా? తలుపు కనిపించేలా కూర్చుంటే నయమా?” రెండో మాట, “చెప్పాలనిపించనిది ఏదీ చెప్పనక్కరలేదు. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుదాం.” నేను ఏడ్చిన ఆ ఒక్క రోజు తప్ప, మొదటి నెలంతా మేము నాన్న జోలికే పోలేదు. దడ వచ్చినప్పుడు పాదాలు నేలకు ఆనించి, గదిలో కనిపించే అయిదు వస్తువుల పేర్లు మనసులో అనుకోవడం, వినిపించే చప్పుళ్లు లెక్కపెట్టుకోవడం, ఇవే నేర్పారు. చిన్నపిల్లల ఆటలా ఉందని నవ్వుకున్నాను. రాత్రి రెండింటికి అదే పనికి వచ్చింది.

కాబట్టి మీ హాస్టల్ సంగతి మూడో వారమే చెప్పాలని లేదు, ముప్పయ్యో వారం చెప్పినా ఆవిడ ఏమీ అనుకోరు. అసలు చెప్పకుండానే కోలుకున్నవారూ ఉన్నారు.

ఒక్క పక్కమాట. ఈ మధ్య ఇక్కడి పిల్లలు బిర్యానీ చల్లారినా ట్రామా అంటున్నారు, నాకు ఒళ్లు మండుతుంది. కానీ మన తరం చేసే తప్పు దీనికి సరిగ్గా ఎదురు తప్పు. బెత్తం విరిగేలా కొట్టిన మాస్టారిని “ఆ దెబ్బల వల్లే బాగుపడ్డాం” అని విందుల్లో నవ్వుతూ తలుచుకుంటాం, ఇంటికి వెళ్లి పిల్లవాడు గ్లాసు జారవిడిస్తే మన చెయ్యే ముందు లేస్తుంది.

తెలుగు కౌన్సెలర్ దొరికితే మంచిదా అని అడిగారు. అమ్మ మీద కోపం వచ్చిందని అనడానికి నాకు ఇంగ్లీషు తేలికగా ఉండేది, నాన్న గురించి ఏడవడానికి మాత్రం ఆ భాష చాలేది కాదు. ‘బెంగ’ను ఇంగ్లీషులో ఏమంటారు? అలక అంటే కోపమని చెప్పి ఊరుకుంటే సగం పోయినట్టే. తెలుగు కౌన్సెలర్ అయితే ఇవన్నీ విప్పి చెప్పే శ్రమ ఉండదు. ఇంకోవైపు, వచ్చే ఉగాది వేడుకలో పులిహోర వరుసలో ఆవిడే మీ ముందు నిలబడవచ్చు. బయట ఎదురుపడితే మీరు పలకరించేదాకా వాళ్లు పలకరించరు, అది వాళ్ల వృత్తి మర్యాద, అయినా మీకు ఇబ్బందిగా ఉండవచ్చు. అమెరికన్ కౌన్సెలర్‌తో వేరే చిక్కు. నెలనెలా ఇంటికి డబ్బు పంపడం, చెల్లెలి పెళ్లి బాధ్యత మీదేసుకోవడం, ఇవి వాళ్లకు మితిమీరిన త్యాగంలా కనిపించవచ్చు. అది భారం కాదు, నా ఇష్టమే అని చెప్పండి. నిజంగా క్లయింటు మాటకు విలువిచ్చేవారైతే వింటారు. ఒకవేళ అది భారమే అయితే, ఆ సంగతీ అక్కడే మీకు మెల్లగా తెలిసివస్తుంది.

ఇక లెక్కలు. కౌన్సెలర్లు మందులు రాయరు, మందులు కావాలంటే సైకియాట్రిస్టు. లైసెన్సు సాధారణంగా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే, మీరు కూర్చున్న చోటును బట్టి చూస్తారు. సంక్రాంతికి ఇండియా వెళ్లి వీడియోలో మాట్లాడదామంటే వాళ్లు కుదరదని అనవచ్చు, ముందే అడిగి ఉంచుకోండి. టెక్సస్‌లో పూర్తి లైసెన్సుకు ముందు 3,000 గంటలు పెద్దవారి పర్యవేక్షణలో పనిచేయాలి. ఆ దశలో ఉన్నవారిని అసోసియేట్ అంటారు, వాళ్ల ఫీజు సాధారణంగా తక్కువ. నాకు మేలు చేసినావిడ అప్పట్లో అసోసియేటే. మీరు 160 డాలర్లు చేతి నుంచి కట్టారంటే మీ బీమా జాబితాలో లేనివారి దగ్గరికి వెళ్లి ఉండవచ్చు. సూపర్‌బిల్ (బీమాకు పంపడానికి ఇచ్చే వివరమైన రసీదు) అడిగి తీసుకుని బీమాకు పంపి చూడండి. అంతకన్నా ముందు మీ కంపెనీలో ఈఏపీ (ఉద్యోగుల సహాయ పథకం) ఉందేమో కనుక్కోండి. ఉంటే మొదటి కొన్ని విడతలు ఉచితం, ఎవరెవరు వెళ్లారన్న పేర్లు సాధారణంగా కంపెనీకి చేరవు. బీమా వాడకుండా కట్టేవారు ఖర్చు అంచనాను రాతపూర్వకంగా ముందే అడగవచ్చు, 2022 నుంచి అది చట్టం ఇచ్చిన హక్కు.

హెచ్4 మీద (భర్త ఉద్యోగ వీసా వల్ల వచ్చే వీసా) ఉన్న అమ్మాయిలకు ఒక మాట, ఇది చాలామందికి తెలియదు. బీమా భర్త పేరు మీద ఉంటే, మీరు వెళ్లిన ప్రతి విడతకూ ఒక వివరాల కాగితం ఆ పేరు మీదే ఇంటికి రావచ్చు. మీరు ఏం మాట్లాడారో అందులో ఉండదు, వెళ్లారని మాత్రం తెలుస్తుంది. అలా తెలియడం మీకు ప్రమాదమైతే, ఆ కాగితాలు వేరే చిరునామాకు పంపమని బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. ఆరోగ్య వివరాల గోప్యతను కాపాడే హిపా చట్టం నిబంధనల ప్రకారం వాళ్లు సహేతుకమైన కోరికను మన్నించాలి. ఇంట్లో దెబ్బలు ఉంటే 1-800-799-7233 గృహహింస సహాయ కేంద్రం. మన దక్షిణాసియా ఆడవాళ్ల కోసమే పనిచేసే సంస్థలూ ఉన్నాయి: న్యూజెర్సీలో మానవి 1985 నుంచి, న్యూయార్క్‌లో సఖి 1989 నుంచి, కాలిఫోర్నియా బే ఏరియాలో మైత్రి 1991 నుంచి. హ్యూస్టన్‌లో దయ, అట్లాంటాలో రక్ష.

గోప్యత విషయం. మీరు చెప్పింది ఆ గది దాటదు. ప్రాణాపాయం, పిల్లల మీద గాని వృద్ధుల మీద గాని హింస, కోర్టు ఆదేశం, ఇవీ ముఖ్యమైన మినహాయింపులు. మొదటి రోజు మీరు చదవకుండా సంతకం పెట్టిన కాగితంలో ఇవన్నీ ఉంటాయి. కౌన్సెలర్‌కూ ఇమిగ్రేషన్ కార్యాలయానికీ సంబంధం లేదు. గ్రీన్‌కార్డు వైద్య పరీక్షలో మానసిక ఆరోగ్యం గురించి అడుగుతారు నిజమే. అక్కడ వైద్యులు ముఖ్యంగా చూసేది, రుగ్మతతో పాటు తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తన ఉందా అని. అబద్ధం మాత్రం రాయకండి, సందేహముంటే మీ లాయరును అడగండి.

చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడు వచ్చినా గురువారం దాకా ఆగవద్దు. ఇక్కడి ఆత్మహత్య నివారణ సహాయ కేంద్రం 988కి ఫోను చేయండి, లేదా సందేశం పంపండి, పగలూ రాత్రీ ఉంటారు. ఊళ్లో అమ్మానాన్నలు మీ మీద దిగులుతో మంచం పడితే వాళ్లకు 14416 చెప్పండి. భారత ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ అది, తెలుగులోనూ మాట్లాడతారు.

మీ ఉత్తరంలో ‘బెంగ’ అన్న మాట మూడుసార్లు ఉంది తమ్ముడూ, మీరు గమనించలేదేమో. ఈ గురువారం ఆవిడకు ఆ మాటే తెలుగులో చెప్పి చూడండి. నేను చెప్పినప్పుడు మా కౌన్సెలర్ తన పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలతో రాసుకుని, “ఇంకోసారి అనండి, నేను సరిగ్గా పలుకుతున్నానా?” అని అడిగారు. ‘బెంగా’ అని దీర్ఘం తీసేవారు, చివరిదాకా ఆ దీర్ఘం పోలేదు.