ఒకే రోగిని రెండుసార్లు లెక్కపెట్టకు

సుజాతకు ఆశీస్సులు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటి జర్నల్ నాలుగు నెలలుగా ఏ సంగతీ చెప్పడం లేదనీ, ప్రమోషన్ ఫైలుకు గడువు ముంచుకొస్తోందనీ, అదే పేపర్‌ను కాస్త అటూ ఇటూ మార్చి ఇంకో జర్నల్‌కు కూడా పంపమని మీ సీనియర్ అంటున్నారనీ రాశావు. నీ టెన్షన్ అర్థమైంది. అయినా ఆ పని చేయకమ్మా. ఎందుకు వద్దంటున్నానో వివరంగా రాస్తాను. మీ సీనియర్‌తో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

దొరికిపోతావన్న భయంతో నేనీ మాట చెప్పడం లేదు. మనం రాసేది చదివి ఎక్కడో ఒక డాక్టర్ ఒక రోగికి మందు రాస్తారు. అసలు విషయం అది. ఆపరేషన్ తర్వాత వాంతులు రాకుండా ఇచ్చే ఒండాన్‌సెట్రాన్ నీకు తెలిసిందే. ఆ మందు మీద వచ్చిన ట్రయల్స్ (రోగులకు మందు ఇచ్చి చేసే పరీక్షలు) అన్నిటినీ ట్రామెర్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఒకచోట చేర్చి పరిశీలించి, 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. తొమ్మిది ట్రయల్స్ సమాచారమే మరో 14 పేపర్లలో మళ్లీ కనిపించింది. ఆ మందు తీసుకున్న 3,335 మంది రోగుల వివరాలు అలా తిరిగి లెక్కలోకి వచ్చాయి. ఇది ముందే ప్రచురించిన సమాచారమని ఆ 14 పేపర్లలో ఒక్కటి కూడా స్పష్టంగా చెప్పలేదు.

దాని ఫలితం చూడు. నాలుగు మిల్లీగ్రాముల ఇంజెక్షన్‌ను తీసుకుంటే, ఒక్క రోగికి వాంతులు ఆపాలంటే సగటున 6.4 మందికి మందు ఇవ్వాలని అసలు ట్రయల్స్ చెబుతున్నాయి. నకళ్లు కూడా కలిపితే ఆ సంఖ్య 4.9కి దిగింది. అంటే మందు ఉన్నదానికంటే 23 శాతం ఎక్కువ బాగా పనిచేస్తున్నట్టు కనిపించింది. ఇంకో మాట కూడా గమనించు. మందు బాగా పనిచేసినట్టు చూపిన ట్రయల్సే ఎక్కువగా మళ్లీ మళ్లీ అచ్చయ్యాయి. ఒకే ఓటరు రెండుసార్లు ఓటేస్తే లెక్కింపు ఎంత జాగ్రత్తగా చేసినా ఏం లాభం? మెటా అనాలిసిస్, అంటే చాలా ట్రయల్స్ ఫలితాలను కలిపి లెక్కగట్టే పని, చేసేవాళ్ల పరిస్థితీ అంతే. రచయితల పేర్ల వరుస మారి, శీర్షిక మారి, రోగుల సంఖ్య కొద్దిగా తేడాగా ఉంటే, అవి రెండు వేరువేరు ట్రయల్సా, ఒకటేనా అని తేల్చుకోవడం వాళ్లకు చాలా కష్టం.

ఇక ఒకేసారి రెండు జర్నల్స్‌కు పంపడం సంగతి. రెండుచోట్లా ఎడిటర్లు, రివ్యూయర్లు తమ సమయం పెట్టి చదువుతారు. రివ్యూయర్లకు దానికి జీతం ఉండదు. మన సబ్జెక్టు చిన్నది కాబట్టి రెండు జర్నల్స్ వాళ్లూ ఒకే రివ్యూయర్‌ను అడగడం అరుదేమీ కాదు. రెండూ ఒప్పుకుంటే, కాపీరైట్‌ను ఇద్దరికి రాసిచ్చినట్టవుతుంది. అందుకే మొదటి జర్నల్‌కు మర్యాదగా ఒక మెయిల్ రాయి, పేపర్ ఏ దశలో ఉందో అడుగు. రెండు వారాలు ఆగి మళ్లీ అడుగు. అప్పటికీ జవాబు రాకపోతే, సహరచయితలందరి అంగీకారంతో పేపర్‌ను వెనక్కి తీసుకుంటున్నట్టు రాతపూర్వకంగా తెలియజేయి. వెనక్కి తీసుకున్నట్టు వాళ్ల దగ్గర్నుంచి కాగితం వచ్చాకే రెండో జర్నల్‌కు పంపు. ఆలస్యం అవుతుంది, నిజమే. కానీ ఆ ఆలస్యాన్ని ఫైలులో వివరించుకోవచ్చు.

ఒకే ట్రయల్‌ను మూడు పేపర్లుగా విడగొట్టాలన్న ఆలోచన గురించి కూడా అడిగావు. దీన్నే సలామీ స్లైసింగ్ అంటారు. ఇది అన్నిసార్లూ తప్పు కాదు. పెద్ద ట్రయల్‌లో ముందే ప్రోటోకాల్‌లో (ట్రయల్ ప్రణాళికలో) రాసుకున్న వేరే ప్రశ్న ఉంటే, దానికి వేరే పేపర్ రాయొచ్చు. నీ విషయంలో మాత్రం నొప్పి తగ్గడం ఒక పేపర్, అదే రోగుల్లో దుష్ప్రభావాలు ఇంకో పేపర్ అంటున్నావు. ఆ రెండూ పక్కపక్కన చూస్తేనే కదా మందు వాడాలో వద్దో డాక్టర్‌కు తెలిసేది! వాటిని విడదీయకు. ఏడాది తర్వాతి ఫాలోఅప్ మాత్రం వేరే పేపర్ కావచ్చు, మొదటి పేపర్‌ను స్పష్టంగా ప్రస్తావిస్తే. ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబర్ ప్రతి పేపర్‌లోనూ వేయడం మర్చిపోకు. ఇవన్నీ ఒకే రోగుల గురించేనని తర్వాత ఎవరైనా గుర్తుపట్టేది దానివల్లే.

సదస్సులో పోస్టర్ వేశాం కదా, పేపర్ ప్రచురణకు అదీ అడ్డమవుతుందా అన్నావు. కాదు. సదస్సులో సమర్పించిన అబ్‌స్ట్రాక్ట్, పోస్టర్, ట్రయల్ రిజిస్ట్రీలో పెట్టిన క్లుప్త ఫలితాలు ముందస్తు ప్రచురణగా లెక్కకు రావని మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ సిఫార్సుల్లోనే ఉంది. ప్రీప్రింట్ (రివ్యూకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతి) విషయంలో ఆయా జర్నల్ నియమం చూసుకోవాలి, పెట్టినట్టు చెప్పాలి. వేరే భాష పాఠకుల కోసం మళ్లీ ప్రచురించడానికి కూడా దారి ఉంది. ఇద్దరు ఎడిటర్లూ ఒప్పుకోవాలి, రెండింటి మధ్య తగిన వ్యవధి ఉండాలి, ఇది రెండో ప్రచురణ అని శీర్షికలోనే తెలియాలి, మొదటిదాని వివరాలు ఇవ్వాలి. అంటే మళ్లీ అచ్చు వేయడం దానంతట అదే తప్పు కాదు. పాఠకుడికి తెలియకుండా చేయడమే తప్పు.

అందుకే కవరింగ్ లెటర్‌ను లాంఛనంగా తీసుకోకు. ఈ ట్రయల్ నుంచి ఇప్పటివరకు ఏం వచ్చింది, ఏది ఎక్కడ పరిశీలనలో ఉంది, ఏ టేబుల్ ఎక్కడిది అన్నీ రాయి. సంబంధం ఉన్న పేపర్ల కాపీలు జతచేయి. అనుమానంగా ఉంటే దాచకుండా ఎడిటర్‌నే అడుగు. ముందే చెప్పిన రచయితను ఎడిటర్లు నేరస్తుడిలా చూడరు, సలహా చెబుతారు. దాచిన సంగతి తర్వాత బయటపడితే వివరణ అడుగుతారు, సంస్థకు రాస్తారు, అచ్చయిన పేపర్‌ను రిట్రాక్ట్ చేస్తారు, అంటే చెల్లదని ప్రకటించి ఉపసంహరిస్తారు. వాక్యాలు మార్చేస్తే సాఫ్ట్‌వేర్ పట్టుకోదని ఎవరైనా అంటే నమ్మకు. సాఫ్ట్‌వేర్ మాటలను పోల్చి చూస్తుంది, నిజమే. కానీ ఒకే వయసు సగటు, ఒకే బరువు, ఒకే తేదీలు ఉన్న రెండు టేబుళ్లు పక్కన పెట్టుకుని చూసే మనుషులు ఉంటారు.

మీ సీనియర్‌ను ఎదిరించమని నేను చెప్పను. ఆయన దగ్గర కూర్చుని ఒండాన్‌సెట్రాన్ సంగతి చెప్పు. సంతకం చేసిన రచయితలందరికీ ఈ బాధ్యత వర్తిస్తుందని, ఆయన పేరూ ఆ జాబితాలో ఉందని గుర్తుచేయి. పేపర్ల సంఖ్య తక్కువైతే ప్రమోషన్ ఒక ఏడాది ఆలస్యం కావచ్చు. అది చిన్న విషయమని నేననను, నీ ఇంటి పరిస్థితి నాకు తెలుసు. కానీ ఆ ట్రయల్‌లో చేరిన రోగులు తమ శరీరాన్ని మనకు నమ్మి అప్పగించారు. వాళ్లు సంతకం పెట్టిన అంగీకార పత్రం మన చేతుల్లో ఉంది.

మొదటి జర్నల్‌కు రాయాల్సిన మెయిల్, కొత్త కవరింగ్ లెటర్ రెండూ డ్రాఫ్ట్ చేసి పంపు. రాగానే చూసి, మార్పులుంటే గుర్తుపెట్టి తిరిగి పంపుతాను. నొప్పి, దుష్ప్రభావాలు రెండూ కలిపి ఒకే టేబుల్‌గా వేయడానికి ప్రయత్నించు. స్థలం చాలకపోతే ఏవి అనుబంధంలో పెట్టాలో కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ మాస్టారు