షరాకు గీసిన కబుకి నటుల మొహాలు అంత వికారంగా ఎందుకుంటాయి? అతను నిజంగా గొప్ప ఆర్టిస్టేనా?

షరాకు అంటే జపాన్‌లో కబుకి అనే సంప్రదాయ నాటకాల నటుల బొమ్మలు గీసిన పాతకాలపు ఆర్టిస్టు, ఆ బొమ్మల్ని చెక్క అచ్చులతో కాగితం మీద ప్రింట్లుగా వేసేవారు. వికారం అనే మాట ఫోటోలు చూసినవాళ్ళే అంటారండీ. ఒరిజినల్ ప్రింటు ముందు నిలబడ్డవాళ్ళు ఒక్కరూ అనరు, గట్టిగా చెప్తున్నా.

టోక్యోలో ఉద్యోగం చేసేటప్పుడు ఉయెనోలో ఉన్న టోక్యో నేషనల్ మ్యూజియంలో మూడో ఒతాని ఒనిజి అనే కబుకి నటుడి బొమ్మ చూశా. మీకూ తెలిసిందే, కళ్ళు ఉరుముతూ, పెదాలు బిగించి, రెండు చేతుల వేళ్ళూ విప్పార్చి ఉంటాడే, టీషర్టుల మీదా కప్పుల మీదా వేసి అమ్మేస్తుంటారు, అదే. 1794లో కవరజాకి-జా థియేటర్లో ఆడిన నాటకంలో ఎదోబెయ్ అనే దుర్మార్గపు నౌకరు, డబ్బు లాక్కోవడానికి మీదకొచ్చే ఘట్టం. వెలుతురు ఎక్కువైతే రంగులు పోతాయని గదిలో లైట్లు బాగా తగ్గించారు. ఎదురుగా నిలబడితే వెనక భాగమంతా ఉత్త బూడిదరంగే. కాస్త వంగి పక్కకి జరిగానో లేదో ఆ బూడిదంతా వెండిలా తళుక్కుమంది, మొహం అందులోంచి ముందుకు తోసుకొచ్చేసింది! మాది గూడూరు వైపు, చిన్నప్పుడు కాకిబంగారం ఏరుకొచ్చి గోళ్ళతో పొరలు పొరలుగా ఊడదీసినవాళ్ళం, గుర్తుపట్టకపోతానా. అభ్రకం పొడిని జిగురుతో కలిపి అద్దుతారు. ఫోటోలో ఇది చచ్చినా రాదు. స్క్రీన్ మీద చూసి తీర్పులిచ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట.

చేతులు మరీ చిన్నగా గీశాడు, బొమ్మ వెయ్యడం రాదు అంటారు కొందరు. ఆ చేతులు చిన్నవి కాబట్టే మొహం అంత పెద్దగా మీద పడుతుంది, కావాలనే చేశాడు.

ఇంకోటి, 1629లో కబుకిలో ఆడవాళ్ళని స్టేజి ఎక్కనివ్వకుండా ఆపేశాక ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టేవారు. షరాకు కాలంలోనే తోయొకుని అనే ఇంకో ఆర్టిస్టు ఆ నటుల్ని అందంగా దిద్ది గీస్తే, షరాకు మాత్రం పౌడరు కింద ఉన్న మగ దవడని దాచలేదు. సత్యభామగా స్థానం నరసింహారావు గారికి నీరాజనాలు పట్టిన జాతి మనది, ఆడవేషం వెనకున్న నటుణ్ణి కూడా చూపించాడంటే మనకే బాగా అర్థమవ్వాలి కదా! ఉన్నదున్నట్టు మరీ ఎక్కువగా గీయబోయాడు, అందుకే ఎక్కువకాలం నిలవలేదు అని ఓత నాన్పో అనే రచయిత అప్పట్లోనే రాశాడు. ఏడాది కూడా తిరక్కుండానే 140కి పైగా ప్రింట్లు వేసి మాయమయ్యాడు. త్సుతాయ జూజబురో అనే పబ్లిషరు పేరూ ఊరూ లేని కొత్తవాడి చేత మొదటి విడతలోనే 28 పెద్ద బొమ్మలు, అన్నిటికీ అభ్రకం వేయించి మరీ దించాడంటే ఎంత గుండె ఉండాలి!

కానీ ఎవర్ని కదిలించినా షరాకు అసలు ఎవరు అనే గోలే. సైతో జూరోబెయ్ అనే నోహ్ (జపాన్‌లో ఇంకో పాత నాటక పద్ధతి) నటుడని చాలామంది అంటారు, సరే, అయితే ఏంటి? ముందు బొమ్మలు చూడండయ్యా. కాకపోతే ఇవి ఏడాది పొడుగునా గోడమీద ఉంచరు, కొన్ని వారాలు పెట్టి తీసేస్తారు, కాబట్టి టికెట్ కొనేముందు మ్యూజియం సైట్‌లో ఆ నెల ఏం పెట్టారో చూసుకుని వెళ్ళండి.