గనులు మూతపడిన ప్రాంతాలకు వచ్చే నిధులు: ఆ రంగంలో పీజీ చేస్తే ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి అర్థశాస్త్రం ప్రధానాంశంగా డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. గనులో, చేపలవేటో, ఏదో ఒకే పరిశ్రమ మీద బతికి దెబ్బతిన్న ప్రాంతాల్లో కొత్త ఉపాధి మార్గాలు ఏర్పడేందుకు ప్రభుత్వాలు ఇచ్చే నిధుల గురించి చదివి, ప్రాంతీయాభివృద్ధిలోనే పీజీ చేస్తానంటోంది. పథకం ఆగిపోతే ఉద్యోగం కూడా పోతుందేమోనని నా భయం. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయం నిరాధారమైనది కాదు. ఈ రంగంలో చాలా ఉద్యోగాలు ఒక్కో నిధి కాలపరిమితికి ముడిపడిన కాంట్రాక్టు ఉద్యోగాలే. అయితే ఒక పథకం ముగిసినంత మాత్రాన ఆ పని అవసరం తీరిపోదు. అమెరికాలో వెనుకబడిన అపలాచియన్ కొండ ప్రాంతం అభివృద్ధికి 1965లో ఏర్పడిన అపలాచియన్ ప్రాంతీయ కమిషన్ 13 రాష్ట్రాల్లోని 423 కౌంటీల (జిల్లాల వంటివి) పరిధిలో నేటికీ పనిచేస్తోంది. కెనడా 1987లో పశ్చిమ రాష్ట్రాల ఆర్థిక వైవిధ్యం కోసం ఏర్పాటు చేసిన శాఖను 2021లో రెండు సంస్థలుగా విడదీసింది, కానీ అవి చేస్తున్నది దాదాపు అదే పని. అందువల్ల మీరు చూడవలసింది ఏ పథకం ఎన్నాళ్లుంటుందన్నది కాదు, ఏ పథకంలోనైనా అవసరమయ్యే నైపుణ్యాలు మీ అమ్మాయికి అబ్బుతాయా లేదా అన్నది.

ముందు ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. ఐరోపా సమాఖ్య 2021-27 కాలానికి నెలకొల్పిన న్యాయమైన పరివర్తన నిధి నుంచి డబ్బు పొందాలంటే, ప్రతి సభ్యదేశం బొగ్గు తదితర రంగాల క్షీణతతో ఎక్కువగా నష్టపోయే ప్రాంతాలను గుర్తించి, ఒక్కో ప్రాంతానికి ప్రణాళిక రాసి ఐరోపా కమిషన్ ఆమోదం పొందాలి. ఎంతమందికి పని పోతుంది, వారి వయసు, నైపుణ్యం ఏమిటి, ఖాళీ అయ్యే భూమి దేనికి పనికొస్తుంది, స్థానికంగా ఏ రంగాలు నిలదొక్కుకోగలవు అన్న ప్రశ్నలన్నింటికీ అందులో జవాబుండాలి. గని మూతపడితే నష్టం గని కార్మికుడితో ఆగదు. వారి జీతాల మీద నడిచిన వ్యాపారాలు, రవాణా, స్థానిక సంస్థలకు వచ్చే పన్ను ఆదాయం, ఇళ్ల విలువ అన్నీ తగ్గుతాయి, యువత ముందుగా వెళ్లిపోతుంది. భారీ రాయితీలిచ్చి మరో పెద్ద కర్మాగారాన్ని రప్పించడం రాజకీయంగా ఆకర్షణీయమే కావచ్చు గాని, నా దృష్టిలో అది ఒక ఆధారం స్థానంలో మరో ఒంటరి ఆధారాన్ని నిలబెట్టడమే.

ఈ నిధులు విఫలమైన సందర్భాలను కూడా ఆమె చదవాలి. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేపలవేటను 1992లో నిషేధించినప్పుడు సుమారు 30,000 మంది ఉపాధి కోల్పోయారు. 1994లో 190 కోట్ల కెనడా డాలర్లతో మొదలైన సహాయ కార్యక్రమంలో అధిక భాగం ఆదాయ సహాయానికే ఖర్చయింది, ఆ కార్యక్రమం అనుకున్నదానికంటే ముందే 1998లో ముగిసింది. బతుకు గడవడానికి ఆ సహాయం తప్పనిసరే, కానీ అది వేరే ఉపాధిని సృష్టించలేదు.

వ్యవధి కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ఆస్ట్రేలియాలోని లాట్రోబ్ లోయలో బొగ్గుతో నడిచే హేజెల్‌వుడ్ విద్యుత్ కేంద్రం మూసివేతను 2016 నవంబరులో ప్రకటించి 2017 మార్చిలోనే మూసేశారు, విక్టోరియా ప్రభుత్వం ప్రత్యేక సంస్థను హడావుడిగా ఏర్పాటు చేయవలసి వచ్చింది. జర్మనీలో 2020 నాటి చట్టం బొగ్గు ప్రాంతాలకు 2038 వరకు 4,000 కోట్ల యూరోల దాకా సహాయాన్ని నిర్దేశించింది. అదే దేశంలోని రూర్ ప్రాంతంలో బొగ్గు సంక్షోభం 1950ల చివరలో మొదలైతే, అక్కడి బోఖుమ్ నగరంలో కొత్త విశ్వవిద్యాలయం 1965లో తరగతులు ప్రారంభించింది, చివరి గని 2018లో మూతపడింది. ఇంత నెమ్మదిగా సాగే మార్పును మూడేళ్ల నివేదికల్లో చూపించమని అడిగే అధికారులతో పనిచేయడానికి ఓపిక కావాలి. అది ఏ విశ్వవిద్యాలయమూ నేర్పని అర్హత.

ఇక చదువు విషయం. ‘ప్రాంతీయాభివృద్ధి’ అన్న పేరున్న కోర్సుకంటే, అర్థశాస్త్రంలోనో ప్రజావిధానంలోనో పటిష్ఠమైన పీజీ చేసి, గణాంకశాస్త్రం, ప్రభుత్వ ఆర్థికశాస్త్రం, భౌగోళిక సమాచార వ్యవస్థలు, ప్రాజెక్టుల వ్యయప్రయోజనాల మదింపు ఐచ్ఛికాంశాలుగా తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. వీటిలో కొరత ఎక్కువగా ఉన్నది ఫలితాల మదింపు తెలిసినవారికే. ఒక ప్రాంతంలో నిధి వచ్చాక ఉద్యోగాలు పెరిగాయంటే, నిధి లేకపోయినా అవి వచ్చి ఉండేవా, పక్క ప్రాంతం నుంచి తరలివచ్చాయా అన్నది తేల్చాలి. ఐరోపాలో తలసరి స్థూలోత్పత్తి సమాఖ్య సగటులో 75 శాతానికి దిగువన ఉన్న ప్రాంతాలకు అత్యధిక సహాయం అందుతుంది కనుక, పరిశోధకులు ఆ గీతకు కాస్త దిగువన, కాస్త ఎగువన ఉన్న ప్రాంతాలను పోల్చి నిధి ప్రభావాన్ని అంచనా వేస్తారు. ఈ పద్ధతులు వచ్చినవారికి అభివృద్ధి బ్యాంకుల్లోను, ప్రణాళికా కార్యాలయాల్లోను, సలహా సంస్థల్లోను, ఆరోగ్యం, విద్య వంటి వేరే రంగాల్లోనూ పని దొరుకుతుంది. మీ భయానికి అసలు మందు అదే.

రెండు ఇబ్బందులు ముందే చెప్పాలి. చాలా దేశాల్లో ప్రభుత్వ శాఖల శాశ్వత కొలువులు పౌరులకే పరిమితం కాబట్టి, విదేశంలో చదివితే అక్కడే ప్రభుత్వ ఉద్యోగం వస్తుందని లెక్క వేసుకోకండి. రెండోది, రాజధానిలో కూర్చుని ఈ పని పూర్తిగా నేర్చుకోలేరు. పని కోల్పోయినవారి మధ్య కొన్నాళ్లు ఉండి, అక్కడి భాషలో మాట్లాడి, ‘మీరూ నివేదిక రాసుకుని వెళ్లిపోయేవారేనా’ అని వారు అడిగినా నొచ్చుకోకుండా వినగలగాలి.

దరఖాస్తుల గడువు లోపల మీ అమ్మాయిని ఒక పని చేయమనండి. ఏదైనా ఒక ప్రాంతపు ప్రణాళికను, దానిపై తరువాత వెలువడిన మదింపు నివేదికను పక్కపక్కన పెట్టుకుని చదివి, మొదటిదానిలో ఇచ్చిన హామీల్లో ఏవి రెండోదానిలో కనిపించడం లేదో రెండు పేజీల్లో రాయమనండి. ఆ రెండు పేజీలు రాయడం ఆమెకు విసుగనిపిస్తే, అర్థశాస్త్రంలో మరో శాఖను ఎంచుకోవడానికి ఇంకా సమయం ఉంది. ఆసక్తిగా రాస్తే, దాన్నే కొంత మెరుగుపరిచి దరఖాస్తుతోపాటు పంపవచ్చు.