పాఠకుల ప్రశ్నలు: వ్యాపార కుటుంబాల పాత లెక్కలు

ప్రశ్న: మా తాతగారి బట్టల కొట్టు చిట్టా, ఆవర్జా పుస్తకాలు అటక మీద మూటలు కట్టి ఉన్నాయి. అమెరికాలో ఇటువంటి కుటుంబ, వ్యాపార కాగితాలను గ్రంథాలయాలలో దాచి, పరిశోధకులకు చూపిస్తారని విన్నాను. జమాఖర్చులలో చరిత్రకు పనికివచ్చేది ఏముంటుంది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉత్తరాలలో కంటె లెక్కలలోనే ఎక్కువ ఉంటుందని నా అభిప్రాయం. ఉత్తరం రాసేవారు తమ గురించి ఎదుటివారు ఏమనుకుంటారో ఆలోచించుకుని రాస్తారు. పద్దు వేసే మనిషికి ఆ చింత ఉండదు.

అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరంలో జాన్ కార్టర్ బ్రౌన్ గ్రంథాలయం ఉంది. అక్కడ భద్రపరచిన బ్రౌన్ కుటుంబ వ్యాపార పత్రాలలో 'సాలీ' అనే ఓడ లెక్కల పుస్తకం ఒకటి. నలుగురు బ్రౌన్ సోదరులు 1764లో ఆ ఓడను బానిసల కోసం పశ్చిమ ఆఫ్రికాకు పంపారు. ఎంత రమ్ముకు ఎందరు మనుషులను కొన్నదీ ఓడ కెప్టెన్ ఎసెక్ హాప్కిన్స్ రాసిన ఆ పుస్తకంలో పద్దులుగా ఉంది. తరువాతి పుటలలో చనిపోయినవారు వస్తారు: పేర్లు ఉండవు, స్త్రీయో పురుషుడో పిల్లవాడో చెప్పి, పక్కన వరుస సంఖ్య మాత్రం వేశారు. కొన్న 196 మందిలో కనీసం 109 మంది మరణించారు. ఆ కుటుంబం పేరుతోనే నడుస్తున్న బ్రౌన్ విశ్వవిద్యాలయం, బానిస వ్యాపారంతో తన సంబంధాన్ని విచారించి 2006లో నివేదిక వెలువరించినప్పుడు, ఈ పుస్తకాన్ని కాదనడం ఎవరి తరమూ కాలేదు.

అన్ని సేకరణలూ ఇంత బరువైనవి కావు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన బేకర్ గ్రంథాలయంలో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వర్తకుని కంపెనీ కాగితాలు, దినచర్య పుస్తకాలు ఉన్నాయి. ఆయన వ్యాపారం మంచుగడ్డలు. చలికాలంలో చెరువుల మీద గడ్డకట్టిన మంచును కోయించి, రంపపు పొట్టులో పొదిగి, ఉష్ణదేశాలకు ఓడలలో పంపేవాడు. 1806లో తొలి సరుకు మార్టినిక్ దీవికి వెళ్లినప్పుడు జనం నవ్వారు. అప్పులపాలై జైలుకు కూడా వెళ్లాడు. 1833లో బోస్టన్ నుంచి సుమారు 180 టన్నులతో బయలుదేరిన ఓడ నాలుగు నెలలకు కలకత్తా చేరేసరికి దాదాపు 100 టన్నులు కరగకుండా మిగిలాయి. మద్రాసు కడలి ఒడ్డున నేడు 'వివేకానందర్ ఇల్లం' అని పిలిచే గుండ్రని భవనం 1842 ప్రాంతంలో ఆ మంచు నిల్వకే కట్టినది. చెన్నైలో చదువుకున్న మన వారిలో ఎందరో దాని ముందు నడిచే ఉంటారు.

అదే బేకర్ గ్రంథాలయంలో, వర్తకుల పరపతిని విచారించి చెప్పే ఆర్.జి. డన్ సంస్థవి 2,500 పైచిలుకు బృహత్ సంపుటాలు ఉన్నాయి. లూయిస్ టప్పన్ 1841లో న్యూయార్కులో నెలకొల్పిన ఏజెన్సీతో మొదలైన ఈ పుస్తకాలలో, ఏ ఊరి వర్తకునికి ఎంతవరకు అరువు ఇవ్వవచ్చో స్థానికులు పంపిన సమాచారం ఉంటుంది. ఆస్తి ఎంతో చెప్పి ఊరుకోరు. తాగుతాడా, ఆస్తి భార్య పేరున పెట్టాడా, మామగారు కలిగినవారా అన్నవి కూడా రాస్తారు. మన ఊళ్లలో అప్పు ఇచ్చేవారు అరుగు మీద కూర్చుని విచారించుకునే సంగతులే అవి, కాకపోతే అక్కడ కాగితానికెక్కాయి. కొట్టునూ కాపురాన్నీ విడదీసి చూడలేమని ఆ కాలపు పత్రాలను తిరగేసే ఎవరికైనా బోధపడుతుంది. అందుకే కుటుంబ పత్రాలను, వ్యాపార పత్రాలను ఒకేచోట ఉంచుతారు.

ఇక మీ మూటల సంగతి. పాత పత్రాలను భద్రపరచే ఆర్కైవ్స్‌లో పనిచేసేవారు పాటించే ముఖ్య నియమం ఒకటుంది: కాగితాలను దాచుకున్నవారు ఏ వరుసలో ఉంచారో ఆ వరుసను చెదరగొట్టకూడదు. ఒక రశీదు ఏ పద్దు పుటల మధ్య దొరికిందన్నది కూడా సాక్ష్యమే. కాబట్టి మూట విప్పే ముందే ఫొటో తీయండి, దేనిలో ఏముందో విడిగా ఒక పుస్తకంలో రాసుకోండి, తుప్పు పట్టిన గుండుసూదులుంటే కాగితం చిరగకుండా తీయండి, చిరిగిన చోట్ల సెల్లోటేపు మాత్రం అంటించవద్దు. ఆ కొట్టులో అరువుకు బట్టలు తీసుకున్నవారి పేర్లను గుర్తుపట్టగల పెద్దలు మీ ఇంట ఎవరైనా ఉంటే, ముందు వారి దగ్గర కూర్చోండి.