మా పెట్ట ఒక పక్కకు ఒరిగి తూలుతోంది, జబ్బేమిటో తెలియడం లేదు

రెండేళ్ల వయసున్న మీ గ్రామప్రియ పెట్ట పన్నెండు రోజులుగా నడిచేటప్పుడు కుడి పక్కకు ఒరిగిపోతోందని, గూడు ఎక్కలేకపోతోందని, అయినా మేత తింటోందని, రెట్ట మామూలుగానే ఉందని, మిగిలిన నాలుగు కోళ్లకు ఏమీ కాలేదని పరకాల నుంచి రాశారు. చూసిన డాక్టరు ఇదమిత్థమని చెప్పలేదని, ఇంట్లో పెద్దవాళ్లు కోసేద్దామంటున్నారని, ఈలోగా అది పెట్టే గుడ్లు తినవచ్చో లేదో తెలియడం లేదని కూడా అన్నారు. నేను పశువైద్యుణ్ని కాను, ఖాజీపేటలో ఇంటి వెనుక పది పన్నెండు కోళ్లను పెంచుకునేవాణ్ని. ఇటువంటి పరిస్థితినే మా ఇంట్లో చూశాను గనుక, అందులో నా తప్పు కూడా ఉంది గనుక వివరంగా రాస్తున్నాను. జబ్బు పేరు కోసం వెతకడానికి ముందు, గడిచిన నెల రోజుల్లో ఆ పెట్ట కడుపులోకి ఏమేమి వెళ్లాయో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

మాది నల్లటి నాటు పెట్ట. రెండేళ్ల కిందట శ్రావణంలో ఒకనాటి పొద్దున గంప ఎత్తగానే మిగతా కోళ్లు ఎప్పటిలాగే పరుగెత్తాయి, అది మాత్రం రెండడుగులు వేసి, ఎడమ రెక్కను నేలకు ఊతంగా ఆన్చి నిలబడిపోయింది. గింజలు చల్లితే ఆత్రంగానే పొడిచేది, కానీ ముక్కు గింజ మీద పడకుండా అంగుళం పక్కన గచ్చు మీద టకటకమని పడేది. మూడో నాటికి ఆ రెక్క చివరి ఈకలు గచ్చుకు రాసుకుని చీపురు పుల్లల్లా అరిగిపోయాయి. నాలుగో నాడు కాళ్లు ముడిచి కూలబడి, మెడను వెనక్కి విరిచి, ఆకాశంలోకి చూడటం మొదలుపెట్టింది. పక్కింటి పెద్దమ్మ వచ్చి చూసి "ఇది ఇగ బతకది బిడ్డా, కోసుకొని కూర వండుకోండ్రి" అన్నది. మా అమ్మ దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేసింది, ఘాటు రాలేదు కాబట్టి దిష్టేనని తేల్చింది.

మేము దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన పెట్టను ముట్టుకోకముందే అడిగిన ప్రశ్న, ఏం పెడుతున్నారని. అప్పుడు గాని నాకు తట్టలేదు. ఆషాఢంలో ముసురు పట్టినప్పుడు రెండు కోడిపిల్లలకు రక్తపు రెట్ట పడితే, మందుల దుకాణంలో ఆంప్రోలియం పొడి ఇచ్చి ఐదు రోజుల పాటు నీళ్లలో కలపమన్నారు. ఐదు రోజుల్లో తగ్గింది కూడా. వానలు వెనక్కి తగ్గలేదు కదా, మళ్లీ వస్తుందేమోనన్న భయంతో నేను ఆ పొడిని నెల రోజులకు పైగా, సరైన కొలత లేకుండా కలుపుతూ వచ్చాను. పైగా ఈ పెట్ట అప్పుడు పొదుగుకు కూర్చుని ఉంది. మిగతావి వానలోనూ పెంటకుప్ప గెలికి పురుగులు ఏరుకునేవి. ఇది గూడు వదలకుండా, ముందుకు తెచ్చిపెట్టిన తెల్లటి నూకలు నాలుగు తిని, మందు కలిసిన ఆ నీళ్లే తాగేది.

ఆంప్రోలియం నిర్మాణంలో బి1 విటమిన్‌ను, అంటే థయమిన్‌ను పోలి ఉంటుంది. రక్తపు రెట్టకు కారణమయ్యే, పేగుల్లోని కాక్సీడియా అనే పరాన్నజీవి దాన్ని థయమిన్ అనుకుని తీసుకుని, అసలు విటమిన్ అందక చస్తుంది. ఆ మందు పనిచేసే తీరే అది. మోతాదు మించినా, రోజులు మించినా కోడికి కూడా థయమిన్ అందకుండా పోతుంది. నరాలకూ మెదడుకూ చక్కెర నుంచి శక్తి తీయడానికి థయమిన్ కావాలి కాబట్టి ముందుగా కాళ్లు తడబడతాయి, తరువాత మెడ వెనక్కి విరుచుకుపోతుంది.

నూకల సంగతి ఇంకా పాతది. 1890ల్లో జావా దీవిలోని బటేవియాలో, అంటే నేటి జకార్తాలో, ఐక్మన్ అనే డచ్చి వైద్యుడు పెంచుతున్న కోళ్లకు ఇలాగే కాళ్లు పడిపోయాయి. క్రిములేవో కారణమని వెతికి వెతికి, ఆసుపత్రి వంటశాలలో మిగిలిన పాలిష్ బియ్యపు అన్నం తిన్నన్నాళ్లు జబ్బు పడి, ముడి బియ్యానికి మారగానే కోలుకుంటున్నాయని ఆయన గమనించాడు. తవుడులో ఉన్న ఆ పదార్థమే తరువాత థయమిన్‌గా తేలింది, ఆయనకు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. మనం మిల్లులో తవుడు వేరు చేసి, తెల్లటి నూకలు కోళ్లకు చల్లి, చాలా బాగా మేపుతున్నామనుకుంటాం. వడ్లను నానబెట్టి ఉడికించి దంచిన ఉప్పుడు బియ్యంలో ఈ విటమిన్ కొంత గింజలోపలికి ఇంకి మిగులుతుంది, పచ్చి బియ్యపు నూకల్లో ఆ మేలు కూడా ఉండదు.

మా పెట్టకు డాక్టరు అదే రోజు థయమిన్ ఇంజక్షన్ చేసి, తరువాత బి కాంప్లెక్స్ చుక్కలు వేయమన్నారు. మరునాటి సాయంత్రానికి మెడ నిటారుగా నిలిచింది, పది రోజులకు నడిచింది. ఇంత త్వరగా తిప్పుకోవడమే ఈ లోపానికి గుర్తని ఆయన అన్నారు. రక్త పరీక్ష ఏదీ చేయించలేదు కాబట్టి నూటికి నూరు పాళ్లు అదేనని నేను అనను. మోతాదు దాని బరువును బట్టి ఆయన చెప్పినది కనుక ఇక్కడ రాయడం లేదు.

మీ పెట్ట విషయానికి వస్తే, అది కూడా ఇదేనని అనుకోవడానికి వీలు లేదు. మారెక్ వ్యాధిలో నరాలు ఉబ్బి ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాచి పడిపోతుంది, కొన్నిటికి కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం బూడిద రంగుకు మారి, పాప అంచు చెదురుతుంది. కానీ అది ఎక్కువగా నెలల వయసు కోళ్లకు వచ్చేది, రెండేళ్ల పెట్టకు అంత తరచుగా రాదు. 1927లో రాణీఖేత్ అనే ఊళ్లో కనిపించడం వల్ల రాణీఖేత్ జబ్బు అని కూడా పిలిచే కొక్కెర తెగులు అయితే సాధారణంగా ఒక్కదానితో ఆగదు, ఆకుపచ్చ రెట్ట, గురక, గుడ్లు తగ్గడం ముందు కనిపిస్తాయి. దాని నుంచి బతికి బయటపడినవాటికి మాత్రం మెడ మెలి చాలా కాలం మిగిలిపోవచ్చు. మెడ దూదిలా వాలిపోయి, లాగితే ఈకలు తేలికగా ఊడివస్తుంటే కుళ్లిన కళేబరాల మీది పురుగులు తిన్న విషం అనుమానించాలి. మీది ఒకే పక్కకు ఒరుగుతోందంటున్నారు కాబట్టి, నేనైతే ముందు చెవి చూస్తాను: కంటి వెనుక చిన్న ఈకల గుత్తిని పక్కకు జరిపితే చెవి రంధ్రం కనిపిస్తుంది, అక్కడ వాసన, చీము, పెచ్చు ఉంటే లోపలి చెవి దాకా పాకిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఇంటి దగ్గర పాత బ్యాటరీలు విప్పడం, పాత రంగు గీకడం జరిగిందేమో కూడా గుర్తు చేసుకోండి, సీసం ముక్కలు మింగినా కోళ్లు ఇలాగే తూలుతాయి.

కారణం తేలేదాకా దానిని మిగతా కోళ్లకు కనిపించేలా, కానీ అవి పొడవలేనట్టుగా వేరుగా ఉంచండి, పుంజును అసలు దగ్గరికి రానివ్వకండి. చుట్టూ మడిచిన గోనె సంచులు పెట్టిన పెద్ద గంపలో ఉంచితే ఒరిగినా దెబ్బ తగలదు. నీళ్లు వెడల్పాటి, లోతు లేని మూకుడులో పోయండి, తూలే కోడి లోతైన గిన్నెలో ముక్కు ముంచి లేవలేక చచ్చిన సందర్భం మా వాడలోనే ఉంది. నోరు తెరిచి నీళ్లు పోయవద్దు, నాలుక వెనుకనే ఊపిరి గొట్టం తెరుచుకుని ఉంటుంది. పలుచగా తడిపిన మక్కజొన్న రవ్వను, తాజా తవుడును కలిపి చిన్న ఉండలు చేసి ముక్కు పక్కన అందించండి. తవుడు తాజాదే కావాలి, ముక్కిపోయిన వాసన వచ్చినది ఇ విటమిన్‌ను పాడు చేస్తుంది. రోజూ ఒకే వేళకు తూకం వేసి రాసుకోండి, నడకను ఫోనులో వీడియో తీయండి. డాక్టరు బల్ల మీద కోడి ఎప్పుడూ బిగుసుకుని కూర్చుంటుంది, వీడియో లేకపోతే ఆయనకు చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

మరోసారి చూపించాలనుకుంటే వరంగల్ దగ్గర మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ విచారించండి. ఒకవేళ అది చనిపోతే, కోసి తినకండి, పాతిపెట్టనూ వద్దు. ప్లాస్టిక్ సంచిలో కట్టి ఐసు ముక్కల మధ్య పెట్టి, గడ్డకట్టనీయకుండా, ఆలస్యం చేయకుండా శవపరీక్షకు తీసుకుపోండి. మిగిలిన నాలుగింటికి పనికివచ్చే జవాబు దొరికేది అక్కడే. ఒక్కసారిగా ఎక్కువ కోళ్లు చనిపోతే మాత్రం ఉత్త చేతులతో తాకకుండా వెంటనే పశుసంవర్ధక శాఖకు తెలపాలి.

గుడ్ల మాట. బి విటమిన్ మాత్రమే ఇస్తున్నప్పుడు గుడ్లకు ఇబ్బంది ఉండదు. కానీ యాంటీబయాటిక్ మొదలుపెడితే డాక్టరు చెప్పిన గడువు దాటేదాకా తినవద్దు. సీసం అనుమానం ఉంటే, ముఖ్యంగా పిల్లలకు, అసలు పెట్టకండి, అది గుడ్డులోకి కూడా దిగుతుంది. ప్రస్తుతం కారణం తెలియదు కాబట్టి నేనైతే ఈ పెట్ట గుడ్ల మీద పెన్సిలుతో గుర్తు పెట్టి పక్కన ఉంచుతాను, మిగతా నాలుగు కోళ్ల గుడ్లు బాగా ఉడికించి వాడుకుంటాను.