బ్రదర్‌హుడ్ మొత్తం చూసేశాక ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ మాంగా చదవాలా?

ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ ఒక మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ; బ్రదర్‌హుడ్ దాని మీద తీసిన యానిమే, అంటే జపాన్ కార్టూన్ సీరియల్. 64 ఎపిసోడ్లు చూసేశాను, కథంతా తెలిసిపోయింది, ఇక 27 పుస్తకాలు ఎందుకు అని కదా మీ ప్రశ్న. అన్నీ చదవకపోయినా పర్వాలేదు, మొదటి 4 మాత్రం చదవండి. బ్రదర్‌హుడ్ పరుగెత్తింది సరిగ్గా అక్కడే.

నేను 2003లో వచ్చిన పాత యానిమేతో మొదలుపెట్టాను. తర్వాత బ్రదర్‌హుడ్, మాంగా అన్నిటికంటే ఆఖర్న. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఓ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద 1, 2, 4 సంపుటాలు కనిపిస్తే బేరమాడి తెచ్చుకున్నాను. కుడి నుంచి ఎడమకి పేజీలు తిప్పుతుంటే మా రూమ్మేట్ "ఉర్దూ ఎప్పుడు నేర్చుకున్నావురా?" అన్నాడు.

మొదటి పుస్తకంలోనే నాకు తెలియని కథ ఒకటి తగిలింది. యూస్‌వెల్ అనే బొగ్గుగని ఊరు. అక్కడ యోకి అనే అధికారి పన్నుల పేరుతో కార్మికుల్ని పీల్చేస్తుంటాడు. తమ్ముడితో అక్కడికొచ్చిన కథానాయకుడు ఎడ్‌కి ఆల్కెమీ, అంటే వస్తువుల్ని మరోలా మార్చే విద్య తెలుసు. అతను ఏం చేస్తాడంటే, పనికిరాని రాళ్లకుప్పను బంగారంగా మార్చి, దాన్ని యోకికి ఇచ్చి గని హక్కులు రాయించుకుంటాడు. ఆ కాగితాలను కార్మికులకు ఇచ్చేస్తాడు, తమ బస, భోజనం ఖర్చుకి! యోకి చూసుకునేసరికి బంగారం మళ్లీ రాళ్లయిపోయి ఉంటుంది. మాది సింగరేణి కుటుంబం, మా నాన్న బాయిలో పనిచేసి రిటైరయ్యారు. మసిబట్టలతో ఒకచోట కూర్చుని తింటున్న ఆ మనుషుల్ని చూస్తే మా క్వార్టర్స్ గుర్తొచ్చాయి. ఈ కథ బ్రదర్‌హుడ్‌లో దాని చోట రాదు. తర్వాతెప్పుడో యోకి స్కార్ అనే హంతకుడి వెంట తిరుగుతుంటే, వాడి గతాన్ని గబగబా చూపించి వదిలేస్తారు. అందుకే వాడు మీకు ఊరికే నవ్వించే మనిషిలా కనిపించి ఉంటాడు.

ఇలా ఎందుకైందంటే, హిరోము అరకావా ఈ మాంగాను 2001లో ఒక మాసపత్రికలో మొదలుపెట్టారు. 2003లో బోన్స్ స్టూడియో యానిమే తీసేనాటికి చేతిలో ఉన్న కథ కొంచెమే. దాంతో ఉన్నదాన్ని నిదానంగా, సాగదీసి కాదు, విప్పి చెప్పారు. తర్వాత సొంత దారి పట్టారు. ఆ దారిలో హోమంక్యులస్‌ల (కథలో విలన్లయిన కృత్రిమ మనుషుల) పుట్టుకే వేరు, వాళ్లలో ఒకడైన దేశాధినేత బ్రాడ్లీ పేరు కూడా మాంగాలోలా వ్రాత్ కాదు, ప్రైడ్. అదే స్టూడియో 2009 ఏప్రిల్‌లో బ్రదర్‌హుడ్ మొదలుపెట్టేసరికి అసలు కథ చివరికొచ్చేసింది. మాంగా ఆఖరి అధ్యాయం 2010 జూన్‌లో వస్తే, యానిమే ఆఖరి ఎపిసోడ్ జులైలో వచ్చింది. మొదటి భాగం జనం ఐదారేళ్ల క్రితమే చూశారు కదా అని తొందరపడ్డారేమో అని నా అనుమానం.

ఎంత తొందరంటే, అన్నదమ్ములకు అండగా ఉండే సైనికాధికారి హ్యూస్ చావు చూడండి. మాంగాలో అది 4వ సంపుటం. పాత యానిమే అక్కడికి చేరడానికి 25 ఎపిసోడ్లు తీసుకుంది. బ్రదర్‌హుడ్ 10వ ఎపిసోడ్‌లోనే అతను చనిపోయే ఫోన్ బూత్ దగ్గరికి వచ్చేసింది. నీనా అనే చిన్నపిల్ల సంగతీ అంతే. బ్రదర్‌హుడ్‌లో 4వ ఎపిసోడ్‌లో పరిచయం, కన్నతండ్రే ఆ పిల్లను కైమెరాగా, అంటే జంతువుతో కలిపేసిన ప్రాణిగా మార్చడం కూడా అందులోనే అయిపోతుంది. పాత దాంట్లో అన్నదమ్ములు నీనా ఇంట్లోనే ఉండి పరీక్షకు చదువుతారు, మంచులో ఆ పిల్లతో ఆడతారు. అందుకని ఆ తర్వాత జరిగేది మనింట్లో జరిగినట్టే ఉంటుంది. నిజానికి మాంగాలో కూడా నీనా కథ ఒక్క అధ్యాయమే. కానీ పుస్తకం మన వేగంతో నడుస్తుంది. ఆ కైమెరా నోట ఎడ్ పేరు వచ్చిన పేజీ దగ్గర నేను ఆగిపోయాను. తిప్పితే కదా ముందుకెళ్లేది! టీవీ మన కోసం ఆగదు.

జోకుల విషయంలోనూ నా ఓటు మాంగాకే. ఎడ్‌ని పొట్టి అనగానే ముఖం బంతిలా మారిపోయే బొమ్మ పేజీలో ఓ మూల చిన్నగా ఉంటుంది, కళ్లు అలా తాకి వెళ్లిపోతాయి. బ్రదర్‌హుడ్‌లో అదే జోకు తెరంతా నిండి, గోలగోలగా వచ్చి, సీరియస్ సీన్‌ను చెడగొట్టిన సందర్భాలు నాకు చాలానే కనిపించాయి.

అలాగని యానిమే అన్నిచోట్లా తక్కువేం కాదు. రెండో సగంలో అదే గెలుస్తుంది. బ్రాడ్లీ ఒక్కడే కత్తులతో యుద్ధ ట్యాంకు మీదికెళ్లే సీన్ ఉంది కదా, మాంగాలో ఎవరు ఎటు కదిలారో తెలియక నేను ఆ పేజీలు రెండుసార్లు చూశాను. యానిమేలో ఒక్క ముక్క కూడా అయోమయం లేదు. పైగా అకిరా సెంజు సంగీతం. బ్రిగ్స్ కోట దగ్గర్నుంచి చివరిదాకా నేను యానిమేనే మళ్లీ చూస్తాను, పుస్తకం తీయను.

ఇంకొకటి యానిమేలో మీకు దొరకదు. ప్రతి సంపుటం చివర అరకావా నాలుగు గళ్ల జోకులు వేస్తారు. ఆ పుస్తకంలో చనిపోయినవాళ్లు రెక్కలు కట్టుకుని పైకి పోతున్నట్టు చిన్న బొమ్మ కూడా ఉంటుంది. హ్యూస్ పోయాడని గొంతు పట్టేసి ఉన్నవాణ్ని, 4వ పుస్తకం ఆఖర్న ఫక్కున నవ్వేశాను. ఇంతకీ ఆ 3వ సంపుటం మాత్రం ఫుట్‌పాత్ మీద ఎన్ని ఆదివారాలు వెతికినా దొరకలేదు, చివరికి కొత్తది కొనాల్సి వచ్చింది.