బ్రిడ్జ్ పాస్‌వర్డ్ వేరు, తల్లీ

తల్లీ,

ప్రోటాన్ మెయిల్‌ని థండర్‌బర్డ్ అనే మెయిల్ చదివే ప్రోగ్రాంలోకి తెచ్చుకోవడానికి మూడు రోజులుగా కుస్తీ పడుతున్నానని రాశావు. మామూలు మెయిల్‌కి పెట్టినట్టే 993 పోర్టు (సర్వర్‌లోకి వెళ్లే తలుపు నంబరు లాంటిది), నీ లాగిన్ పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటావు. అలా ఎన్నిసార్లు కొట్టినా లోపలికి రానివ్వదు.

మామూలు సర్వీసుల్లో సర్వరే ఉత్తరాన్ని విప్పి చేతిలో పెట్టగలదు. ప్రోటాన్ సర్వర్‌లో ఉన్నది తాళం వేసిన పెట్టె. అది తెరుచుకోవాల్సింది నీ కంప్యూటర్‌లోనే. ఆ పని థండర్‌బర్డ్‌కి చేతకాదు కాబట్టి మధ్యలో బ్రిడ్జ్ అనే చిన్న ప్రోగ్రాం ఉండాలి. డబ్బు కట్టే ప్లాన్ ఉంటేనే అది పనిచేస్తుంది, ముందు అది చూసుకో.

బ్రిడ్జ్ నీ కంప్యూటర్‌లోనే కూర్చుని మెయిల్ సర్వర్ వేషం వేస్తుంది. అందుకే సర్వర్ పేరు దగ్గర 127.0.0.1 అని ఉంటుంది, అంటే నీ మెషీనే. మెయిల్ తెచ్చే ఐమ్యాప్‌కి పోర్టు మామూలుగా 1143, మెయిల్ పంపే ఎస్‌ఎమ్‌టీపీకి 1025. ఆ పోర్టుల్ని ఇంకో ప్రోగ్రాం వాడుకుంటుంటే అంకెలు మారతాయి. నా మాట మీద కాకుండా బ్రిడ్జ్ విండోలో ఏముందో చూసి అదే ఎక్కించు.

ఇక పాస్‌వర్డ్. బ్రిడ్జ్ తనంతట తాను ఒకటి తయారుచేసి చూపిస్తుంది. థండర్‌బర్డ్‌కి ఇవ్వాల్సింది అదే, నీ అకౌంట్‌ది కాదు. ఇది తెలియక నేను ఒక సాయంత్రమంతా అకౌంట్ పాస్‌వర్డ్ కొట్టి, మర్చిపోయానేమో అనుకుని దాన్ని మార్చి కూడా చూశాను! చేత్తో టైప్ చేయకు, కాపీ చేసి పేస్ట్ చెయ్యి.

తర్వాత సర్టిఫికెట్ (సర్వర్ గుర్తింపు కార్డు లాంటిది) నమ్మదగినది కాదని థండర్‌బర్డ్ హెచ్చరిస్తుంది. అది బ్రిడ్జ్ సొంతంగా చేసుకున్న సర్టిఫికెట్. అడ్రస్ 127.0.0.1 అని చూసుకుని ఒప్పుకో. బయటి సర్వర్ దగ్గర ఇదే హెచ్చరిక వస్తే మాత్రం ఒప్పుకోవద్దు.

మొదటిసారి మెయిల్స్ దిగడానికి చాలాసేపు పడుతుంది, కంప్యూటర్‌ని స్లీప్‌లోకి పోనివ్వకు. ఉత్తరాలన్నీ కలిపి చూపే ఆల్ మెయిల్ ఫోల్డర్‌ని బ్రిడ్జ్ సెట్టింగ్స్‌లో దాచెయ్యి, లేకపోతే ఒకే ఉత్తరం రెండు చోట్ల కనబడి చిరాకు పెడుతుంది.

నాకు అసలు టెన్షన్ ఇంకోచోట ఉంది. బ్రిడ్జ్ తాళం తీసి ఇచ్చాక, థండర్‌బర్డ్ ఆ ఉత్తరాల్ని నీ డిస్క్ మీద మామూలుగానే దాచుకుంటుంది. ప్రోటాన్ తాళం అక్కడిదాకా రాదు. ల్యాప్‌టాప్ పోతే డిస్క్ విప్పినవాడు అన్నీ చదువుకోవచ్చు. కాబట్టి డిస్క్‌కే తాళం వేసేది, విండోస్ అయితే బిట్‌లాకర్, మ్యాక్ అయితే ఫైల్‌వాల్ట్, లినక్స్ అయితే లక్స్ ముందే పెట్టుకో. నలుగురు వాడే కంప్యూటర్‌లో ఈ పనే పెట్టుకోవద్దు, బ్రౌజర్‌లో చూసుకుంటే చాలు.

ఫోన్‌కి బ్రిడ్జ్ లేదు, వాళ్ల యాప్ వాడాల్సిందే. టూటా అనే ఇంకో మెయిల్ సర్వీసుకి మారదామా అని అడిగావు కదా, అక్కడ ఐమ్యాప్ ఊసే లేదు. థండర్‌బర్డ్ వదలలేనంటే అటు పోకు.

అన్నీ అయ్యాక నాకో మెయిల్ కొట్టు. పోకపోతే సెట్టింగ్స్ కెలకడానికి ముందు బ్రిడ్జ్ నడుస్తోందో లేదో చూడు. నాకైతే సగంసార్లు అదే ఆగిపోయి ఉంటుంది.

మీ బాబాయి